బల్లి గుడ్లను రోజూ తిప్పమని రాయకండి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పెంపుడు జంతువుల శీర్షికలో ఒకామె తన లెపర్డ్ గెక్కో అనే పెంపుడు బల్లి రెండు గుడ్లు పెట్టిందనీ, వాటిని ఎలా పొదిగించాలో చెప్పమనీ అడిగారు. దానికి మీరు ఇచ్చిన జవాబు చదివి ఉండబట్టలేక రాస్తున్నాను. కోడిగుడ్ల ఇంక్యుబేటర్‌లో 37 డిగ్రీల పైన ఉంచి, రోజుకు మూడు నాలుగు సార్లు తిప్పమన్నారు. కోళ్ల విషయంలో అయితే ఆ జవాబులో ప్రతి ముక్కా నిజమే, కానీ బల్లి గుడ్లకు అదే పని చేస్తే పిల్లలు బయటికి రావు. దయచేసి వచ్చే సంచిక దాకా ఆగకుండా రేపే సవరణ వేయండి, ఎందుకంటే ఆమె ఇప్పటికే ఆ గుడ్లను తిప్పుతూ ఉండవచ్చు, ఆమెతో పాటు ఇంకెందరు చదివి దాచుకున్నారో తెలియదు. నేను చాలా కాలంగా లెపర్డ్ గెక్కోలనూ బియర్డెడ్ డ్రాగన్లు అనే మరో రకం బల్లులనూ పెంచుతున్నాను, గుడ్లు పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడినప్పుడల్లా నాకు కనిపించేది ఒకటే, ఎక్కువ గుడ్లు చెడిపోయేది పట్టించుకోకపోవడం వల్ల కాదు, మాటిమాటికీ ముట్టుకోవడం వల్లే.

తిప్పితే ఏమవుతుందో చెబుతాను. కోడిగుడ్డులో పచ్చసొనకు రెండు పక్కలా తెల్లసొనతోనే తయారైన మెలికల తాళ్లు ఉంటాయి, గుడ్డు ఎటు దొర్లినా పచ్చసొన లోపల తిరిగి పిండం ఉన్న వైపు పైకి వస్తుంది. పిండం పొరకు అతుక్కుపోకుండా కోడే గుడ్లను కాసేపటికోసారి కదుపుతుంది. బల్లి గుడ్డులో ఆ తాళ్లు ఉండవు. గుడ్డు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పిండం పైభాగానికి చేరుతుంది, దాని పొరలు పెంకు లోపలి వైపు అతుక్కుంటాయి, అక్కడే రక్తనాళాలు అల్లుకుని పెంకు గుండా గాలి అందుతుంది. అంటే కోడి విషయంలో జరగకూడనిది ఇక్కడ తప్పకుండా జరగాలి. ఆ తర్వాత గుడ్డును తలకిందులు చేస్తే ఆ సన్నటి నాళాలు తెగవచ్చు, లేదా పచ్చసొన బరువంతా పిండం మీద పడవచ్చు. అన్ని జాతుల్లోనూ నష్టం ఒకేలా ఉండదు, కొన్ని కొంత తట్టుకుంటాయి, కానీ మన గుడ్డు తట్టుకుంటుందో లేదో తేల్చుకోవడానికి దాన్ని తిప్పి చూడటం ఎందుకు?

అందుకని గుడ్లు కనబడగానే చేయాల్సిన మొదటి పని, తల్లి వాటిని ఎలా వదిలిందో అలాగే ఉంచి పైభాగాన మెత్తటి పెన్సిల్‌తో చిన్న గీత పెట్టడం. స్కెచ్ పెన్ను, మార్కర్ వద్దు, అందులోని ద్రావకం పెంకు గుండా లోపలికి వెళ్లే అవకాశం ఉంది. తర్వాత చేతులు శుభ్రంగా కడుక్కుని, మట్టి నెమ్మదిగా తీసి, గీత పైనే ఉండేలా పెట్టెలోకి మార్చాలి. పొరపాటున దొర్లితే మళ్లీ గీత పైకి వచ్చేలా పెట్టి వదిలేయాలి, ఒక్కసారి దొర్లినంత మాత్రాన పారేయనక్కర్లేదు. గుడ్లు ఒకదానికొకటి గట్టిగా అతుక్కుని ఉంటే బలవంతంగా విడదీయకుండా గుత్తిగానే పెట్టాలి. టోకే గెక్కో లాంటివి గుడ్లను గోడకో గాజుకో కొమ్మకో అంటించేస్తాయి, వాటి పెంకు గట్టిగా పెళుసుగా ఉంటుంది, పీకితే పగులుతుంది. అక్కడే ఉంచి పైన చిల్లులున్న చిన్న కప్పు బోర్లించి అంటించడం మంచిది, లేకపోతే పుట్టిన పిల్లలను పెద్దవే తినేయవచ్చు. ఇంకో మాట, బల్లులన్నీ గుడ్లు పెట్టవు, బ్లూ టంగ్ స్కింక్ లాంటివి నేరుగా పిల్లలనే కంటాయి, వాటికి గుడ్ల పెట్టె సిద్ధం చేసుకుని ఎదురుచూసేవాళ్లను కూడా చూశాను.

ఇక వేడి. మీ జవాబులో నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ 37 డిగ్రీలు. ఇళ్లలో సాధారణంగా పెంచే బల్లుల గుడ్లకు ఆ వేడి ప్రాణాంతకం. లెపర్డ్ గెక్కోకు సుమారు 26 నుంచి 33 డిగ్రీల సెల్సియస్ మధ్య, బియర్డెడ్ డ్రాగన్‌కు 28 నుంచి 30, క్రెస్టెడ్ గెక్కోకు 22 నుంచి 25, వెయిల్డ్ కమీలియన్ అనే ఊసరవెల్లికి 26 నుంచి 28 డిగ్రీలు చాలు. క్రెస్టెడ్ గెక్కో గుడ్లకు చల్లటి గది ఉంటే వేడి పెట్టాల్సిన పనే లేదు. అన్ని బల్లులకూ కలిపి ఒకే అంకె చెప్పడం కుదరదు, ఏ జాతి అని అడగకుండా జవాబు ఇవ్వనేకూడదు.

ఇంకో విషయం, ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా తేలిగ్గా తీసుకుంటారు. కొన్ని జాతుల బల్లుల్లో గుడ్డును ఎంత వేడిలో ఉంచామన్నదే లోపలిది ఆడో మగో నిర్ణయిస్తుంది. ఈ సంగతిని మొదట గమనించి 1966లో ప్రకటించింది సెనెగల్‌లోని డకార్‌లో పనిచేసిన ఫ్రెంచ్ శాస్త్రవేత్త మదలెన్ షార్నియే, ఆమె చూసింది అగామా అనే బల్లి గుడ్లను, చల్లగా ఉంచినవి ఆడవి అయ్యాయి, కొంచెం వెచ్చగా ఉంచినవి దాదాపు అన్నీ మగవి అయ్యాయి. లెపర్డ్ గెక్కోలో ఇది ఇంకా చిత్రంగా ఉంటుంది. 26 డిగ్రీల దగ్గర అన్నీ ఆడవే, 30 దగ్గర రెండూ కలిసి వస్తాయి కానీ ఆడవి ఎక్కువ, 32.5 దగ్గర మగవి ఎక్కువ, 34 దాటితే మళ్లీ ఆడవే ఎక్కువ. పైగా ఆ వేడి స్వభావం మీద కూడా ముద్ర వేస్తుంది. టెక్సాస్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ క్రూస్ బృందం ఏళ్ల తరబడి లెపర్డ్ గెక్కోల మీద చేసిన పరిశోధనలో, మగవి ఎక్కువగా పుట్టే వేడిలో పొదిగిన ఆడవి మిగతా ఆడవాటి కన్నా దూకుడుగా ఉంటాయని తేలింది. అంటే వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ మీద మనం తిప్పే అంకె కొన్నేళ్ల పాటు ఒక జంతువు ఎలా బతుకుతుందో నిర్ణయిస్తోంది, రెండు డిగ్రీలు అటూ ఇటూ అయితే ఏముందిలే అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

బియర్డెడ్ డ్రాగన్ సంగతి వేరు. దానికి పక్షుల్లాగే లింగాన్ని తేల్చే క్రోమోజోములు ఉన్నాయి, మామూలు వేడిలో అవే పని చేస్తాయి. కానీ గుడ్డు 32 డిగ్రీలు దాటిన వేడిలో ఉంటే, క్రోమోజోముల ప్రకారం మగది కావాల్సిన పిండం ఆడదిగా మారిపోతుంది. 2007లో ప్రయోగశాలలో చూపించారు, 2015లో ఆస్ట్రేలియా అడవుల్లో సహజంగానే అలా మారిన ఆడవి దొరికాయని కాన్‌బెర్రా విశ్వవిద్యాలయం బృందం ప్రకటించింది. అలా మారిన ఆడవి గుడ్లు కూడా పెడతాయి, మామూలు మగదానితో కలిసినప్పుడు వాటి పిల్లల్లో లింగాన్ని తేల్చే పని పూర్తిగా వేడి చేతికే వెళ్లిపోతుంది. వేడి పెంచితే పిల్లలు త్వరగా వస్తాయి కదా అని పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. త్వరగా వస్తాయి, నిజమే, కానీ పచ్చసొన సరిగా ఇంకకుండా చిన్నగా, బలహీనంగా వచ్చే ప్రమాదం ఉంది.

పొదిగే పరికరం ఖరీదైనది కానక్కర్లేదు. మంచి థర్మోస్టాట్ మాత్రం తప్పదు, దాని సెన్సార్ గుడ్లు ఉన్న ఎత్తులోనే ఉండాలి, మూత దగ్గర పెడితే అది చూపించే వేడి వేరు, గుడ్డుకు తగిలే వేడి వేరు. థర్మోస్టాట్ అంకెను నమ్మకుండా విడిగా ఒక థర్మామీటర్ పెట్టండి. గుడ్లను లోపల ఉంచడానికి కనీసం రెండు రోజుల ముందే ఇంక్యుబేటర్‌ను ఆన్ చేసి వేడి నిలకడగా ఉందో లేదో చూసుకోవాలి, గుడ్లు వచ్చాక సెట్ చేద్దాంలే అనుకుంటే ఆ మొదటి రాత్రే వేడి 36కు పోయి అంతా అయిపోతుంది. లోపల ఖాళీ జాగాలో నీళ్లు నింపిన సీసాలు పెడితే కరెంటు పోయినా వేడి వెంటనే పడిపోదు. కరెంటు పోయిందని టెన్షన్ పడి గుడ్ల పక్కన మరిగే నీళ్లు పెట్టడం మాత్రం వద్దు. కొన్ని గంటల చల్లదనాన్ని గుడ్లు చాలావరకు తట్టుకుంటాయి, పెరుగుదల నెమ్మదిస్తుంది అంతే. మితిమీరిన వేడిని గంట సేపు కూడా తట్టుకోలేకపోవచ్చు. అనుమానం వస్తే చల్లగా ఉన్న వైపే మొగ్గు చూపండి.

తేమ గురించి మీ జవాబులో ఒక్క మాటా లేదు. కోడిగుడ్డు పొదిగే కాలంలో నీటిని కోల్పోతూ బరువు తగ్గుతుంది. లెపర్డ్ గెక్కో, బియర్డెడ్ డ్రాగన్, ఊసరవెల్లి గుడ్ల పెంకు తోలులా మెత్తగా ఉంటుంది, అవి చుట్టూ ఉన్న తేమను పీల్చుకుని ఉబ్బుతాయి, బాగా ఎదిగే గుడ్డు బరువు రెట్టింపు కూడా కావచ్చు. అందుకే వాటిని ఖాళీ ట్రేలో పెడితే రెండు మూడు రోజుల్లో సొట్టలు పడి ఎండిపోతాయి. తేమను పట్టి ఉంచే ఖనిజపు పలుకులైన వర్మిక్యులైట్ గానీ పెర్లైట్ గానీ తీసుకుని, దాని బరువుకు సమానంగా లేదా కొంచెం తక్కువగా నీళ్లు కలిపి, గుప్పిట్లో గట్టిగా పిండితే ఒక్క చుక్క కూడా కారకూడదు, వదిలితే ముద్దగా నిలవాలి, అదీ లెక్క. గుడ్డును అందులో సగం దాకా పాతాలి, మొత్తం కప్పేయకూడదు. నీళ్లు ఎక్కువైతే గుడ్డు పగిలేలా ఉబ్బుతుంది, బూజు పడుతుంది, తక్కువైతే మధ్యలో నొక్కుకుపోతుంది. తేమ తగ్గిందనిపిస్తే నీళ్లు పెట్టె అంచున పోయాలి, గుడ్డు మీద చిలకరించకూడదు. మూత లోపల చేరిన నీటి చుక్కలు గుడ్ల మీద పడకుండా పెట్టెను కాస్త వాలుగా ఉంచండి. వారానికోసారి మూత తీసి గాలి మారిస్తే చాలు. రోజూ తీసి చూడాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, అందుకే పారదర్శకమైన పెట్టె వాడమంటాను, బయటి నుంచే చూసుకోవచ్చు.

గుడ్డులో ప్రాణం ఉందో లేదో చూడటానికి వారం పది రోజులు ఆగి, చీకటి గదిలో వేడి పుట్టించని చిన్న ఎల్‌ఈడీ టార్చిని గుడ్డును కదపకుండా పక్క నుంచి ఆనించండి. గులాబీ రంగు వలయం, సన్నటి ఎర్రటి నాళాలు కనిపిస్తే లోపల పిండం ఉన్నట్టే. అంతా పసుపుగా వెలుగుతూ ఏ గీతా లేకపోతే అది గొడ్డు గుడ్డు, అంటే పిండం కట్టని గుడ్డు, అయి ఉండవచ్చు, అయినా వెంటనే పారేయకండి, ఇంకో వారం ఇవ్వండి, అది కుళ్లి వాసన వస్తేనో పూర్తిగా కుంగిపోతేనో తీసేయండి. బూజు చూసి భయపడి గుడ్లన్నీ పారేసినవాళ్లు ఎంతోమంది. బూజు ఎక్కువగా చచ్చిన గుడ్డు మీద పుడుతుంది, పక్కనున్న ఆరోగ్యమైన గుడ్డు చాలాసార్లు దాన్ని తట్టుకుని నిలుస్తుంది. బూజు పట్టిన దాన్ని వేరే పెట్టెకు మార్చి, రెండోదాన్ని దాని మానాన వదిలేయండి.

ఆ తర్వాత మిగిలేది ఎదురుచూడటం, అదే అందరికీ కష్టం. లెపర్డ్ గెక్కో వెచ్చగా ఉంటే నెలన్నర, చల్లగా ఉంటే రెండు నెలలకు పైన, బియర్డెడ్ డ్రాగన్ రెండు నెలల పైచిలుకు, క్రెస్టెడ్ గెక్కో రెండు నుంచి నాలుగు నెలలు, ఊసరవెల్లులు కొన్ని ఆరు నెలల పైనే. మడగాస్కర్‌లో లాబోర్డ్ ఊసరవెల్లి అని ఒకటుంది, అది గుడ్డులోనే ఎనిమిది తొమ్మిది నెలలు గడిపి, బయటికి వచ్చాక నాలుగైదు నెలలే బతుకుతుంది, అంటే దాని జీవితంలో ఎక్కువ భాగం గుడ్డులోనే గడుస్తుంది. అందుకే గడువు దాటిందని ఎవరో చెప్పారని గుడ్డు కోసి చూడకండి. గుడ్డు తెల్లగా నిండుగా ఉన్నంతకాలం అది బతికే ఉందని అనుకోవడమే సరైనది.

పిల్ల వచ్చే ముందు గుడ్డు మీద చెమట పట్టినట్టు చుక్కలు కనిపిస్తాయి, అప్పటిదాకా ఉబ్బి ఉన్నది కాస్త కుంగుతుంది, ఆ దశలో సొట్ట పడితే కంగారు వద్దు. లోపలి పిల్ల ముక్కు చివర ఉన్న గుడ్డు పంటితో పెంకును చీలుస్తుంది, గెక్కోలకైతే అలాంటి పళ్లు రెండు ఉంటాయి, పుట్టాక త్వరలోనే రాలిపోతాయి. తల బయటపెట్టి గంటల తరబడి, ఒక్కోసారి రోజంతా అలాగే ఉండిపోతుంది. సరిగ్గా అప్పుడే చాలామంది జాలిపడి పిల్లను బయటికి లాగుతారు! అది అలసిపోయి ఆగలేదు, మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకుంటోంది, లాగితే ఆ సంచి చిరిగి రక్తం కారి చనిపోతుంది. ఆ రోజు పెట్టె దగ్గర కూర్చోవాలనిపిస్తే కూర్చోండి, చెయ్యి మాత్రం పెట్టకండి. పూర్తిగా బయటికి వచ్చాక తడి టిష్యూ పరిచిన చిన్న పెట్టెలోకి మార్చండి, ఇసుక వద్దు. లెపర్డ్ గెక్కో పిల్ల ఒకటి రెండు రోజుల్లో మొదటి కుబుసం విడుస్తుంది, మూడు నాలుగు రోజులు ఏమీ తినకపోయినా ఫర్వాలేదు, పచ్చసొన బలం ఉంటుంది. ముట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి, బల్లులు ఆరోగ్యంగా ఉన్నా సాల్మొనెల్లా అనే జబ్బు క్రిమిని మోయవచ్చు, ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇంకా జాగ్రత్త.

గుడ్ల హడావిడిలో తల్లిని మర్చిపోతున్నారు. పెంకుకు కావాల్సిన కాల్షియం తిండి నుంచి చాలకపోతే తల్లి ఎముకల నుంచే వస్తుంది, ఆహారంతో కాల్షియం, విటమిన్ డి3, అవసరమైన జాతులకు యూవీబీ (అతినీలలోహిత కిరణాల) దీపం లేకపోతే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి. తవ్వుకోవడానికి తడి మట్టి పెట్టె లేకపోతే గుడ్లు లోపలే ఆగిపోవచ్చు, తవ్వి తవ్వి పెట్టకుండా నీరసపడి పడుకుంటే అది ఇంట్లో తేలే విషయం కాదు, వెంటనే బల్లుల వైద్యం తెలిసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మగది లేకుండానే గుడ్లు పెట్టిందని ఆశ్చర్యపడేవాళ్లకు, ఆడ బల్లులు జత లేకున్నా గొడ్డు గుడ్లు పెడతాయి. అలాగని వాటన్నిటినీ గొడ్డు గుడ్లు అనేయకండి, లెపర్డ్ గెక్కో ఒకసారి కలిసిన మగదాని వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు.

చివరిగా, అన్నిటికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న మీ జవాబులో ఎక్కడా లేదు, అసలు ఈ గుడ్లను పొదిగించాలా అని. లెపర్డ్ గెక్కో ఒక్కసారికి రెండే గుడ్లు పెట్టినా ఒకే సీజన్‌లో చాలాసార్లు పెడుతుంది, బియర్డెడ్ డ్రాగన్ ఒక్కసారే ఇరవైకి పైగా పెట్టగలదు, వెయిల్డ్ కమీలియన్ అంతకు రెట్టింపు. ఒక్కోదానికి వేరే పెట్టె, వేడి, దీపం, తిండి కావాలి, లెపర్డ్ గెక్కో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతుంది. తల్లిదండ్రుల వంశం ఏమిటో తెలియకపోతే ఇంకా కష్టం. లెమన్ ఫ్రాస్ట్ అనే రంగు లెపర్డ్ గెక్కోల్లో ఆ రంగు తెచ్చే జన్యువే చర్మపు కణాల్లో కణితులు కూడా తెస్తుందని 2021లో పరిశోధకులు ప్రచురించారు, ఎనిగ్మా రకంలో తల ఒక పక్కకు వాలిపోయి గిరగిరా తిరిగే నరాల జబ్బు ఉంది. అందం కోసం అలాంటి వాటిని పొదిగించడం నా దృష్టిలో క్రూరత్వమే. పుట్టబోయే పిల్లలను తీసుకుంటామని నమ్మకంగా చెప్పినవాళ్లు లేకపోతే, గుడ్లు పెట్టిన రోజే మూత బిగించిన డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టేయండి, అప్పటికి పిండం ఇంకా తొలి దశలోనే ఉంటుంది. నెల రోజులు వెచ్చగా ఉంచి, లోపల నాళాలు కనిపించాక మనసు మార్చుకోవడం మాత్రం చేయకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు